ఎర్ర నూలు గూడు

మొన్న బావ ఇంటి గోడ మీద ఆ ఫోటో మళ్లీ చూశాను. మా మట్టెవాడ ఇంటి పెరట్లో, మగ్గం కింద రాలిన ఎర్ర నూలుతో జామ ఆకులు కలిపి ఒక పిట్ట కుట్టుకున్న గూడు అది. ముందు చూసింది నేను. అప్పుడు నాకు ఏడేళ్లు.

అక్క మొగుడు, ఈ బావే, కెమెరాతో వచ్చాడు. "దర్జీ పిట్ట ఇది. వెలుతురు వస్తలేదు, జర జరుగు" అంటూ గూటికి అడ్డమున్న కొమ్మ కోసేశాడు. ఫోటో తీసుకున్నాడు. పిట్ట మళ్లీ రాలేదు.

నేను ఏడుస్తుంటే అందరి ముందూ అడిగాడు. "గుడ్లు ముట్టినవా పిల్లా?"

"ఒక్కసారే."

"అదీ సంగతి! మనిషి చెయ్యి తాకితే తల్లి ఇడిసిపెట్టి పోతది."

నమ్మాను. ఆ ఏడే అక్కకు కొడుకు పుట్టాడు. నేను ముడితే అక్క వాణ్ణి విడిచి పోతుందని భయపడి, ఎత్తుకోమన్నా ఎత్తుకోలేదు. "ఎంత కుళ్లే నీకు!" అని బావ నవ్వాడు.

మొన్న చూస్తే, ఆ గూడు ఫోటో మూలన కోసిన కొమ్మ మొదలు తెల్లగా ఉంది.

"బావా, ఈ కొమ్మ ఎవరు కోసిండ్రు?"

"ఇంకా యాదికున్నదా నీకు?" అని టీ తాగాడు.

పక్కనే బారసాల ఫోటో ఉంది. అందులో పిల్లవాడి చుట్టూ అందరి చేతులూ ఉన్నాయి. నా చేతులు వీపు వెనక ఉన్నాయి.