సుగుణ మేడం వేసిన తెర

పోతిరెడ్డిపల్లిలో మా మందుల దుకాణం మధ్యాహ్నం ఒంటిగంటకు సగం మూతపడుతుంది. షట్టర్ దించం. డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందుల అరల ముందు నీలం తెర లాగి అన్నానికి వెళ్తాను. తీగ మీద రింగులు గరగరమంటాయి, గుడ్డలోంచి సోంపు వాసన వచ్చినట్టు ఉంటుంది. ఎన్నిసార్లు ఉతికానో లెక్కలేదు, వాసన మిగిలే వీలే లేదు. అయినా ముక్కు వినదు. ఆ గుడ్డ సుగుణ మేడం చీరలో సగం, ఆమె నోట్లో ఎప్పుడూ సోంపు ఉండేది.

డీ ఫార్మసీ పరీక్షలు రాసి, శిక్షణ కోసం పాశమైలారంలో ఒక దుకాణానికి వెళ్లినప్పుడు ఆమెను మొదటిసారి చూశాను. గోడ మీద ఆమె సర్టిఫికెట్, దాని కింద కుర్చీలో ఆమె. ఇందులో వింతేముందని మీరనుకోవచ్చు. మా వైపు చాలాచోట్ల కాగితం దుకాణంలో వేలాడుతుంది, దాని మనిషి ఏదో కంపెనీలో షిఫ్టు చేస్తుంటుంది. మా చిన్నాన్న కూడా అదే ఆశతో పోతిరెడ్డిపల్లిలో దుకాణం పెట్టడానికి ఒక మడిగె గది చూసిపెట్టాడు. "జల్దీ పాసైపో బిడ్డా. కాగితం నాకియ్యి, నెలనెలా కిరాయి ఇస్త. నువ్వు కంపెనీల నౌకరీ చేసుకో" అన్నాడు. కూర్చోకుండానే వచ్చే రాబడి, ఎవరికి చేదు? సరేనన్నాను.

సుగుణ మేడం వెనక సందులోని ఇంటికి అన్నానికి వెళ్తూ రోజూ తెర లాగేది. బ్యాండేజీలు, పౌడరు, ఓఆర్ఎస్ బయట, తక్కినవన్నీ లోపల. కంపెనీల వాళ్లు తిండి విరామంలో వచ్చేది సరిగ్గా అప్పుడే. దుకాణం సేటు పళ్లు నూరేవాడు.

"గిరాకంతా ఈ టైములనే వస్తది మేడం."

"నాకు ఆకలి గూడ ఈ టైములనే ఐతది సేటూ. నేను లేంది ఆ అరల నుంచి గోలీ కదలొద్దు. రాసేది డాక్టరు, అడిగి ఇచ్చేది మనం. అడగకుంటే మనమెందుకు?"

మందు ఇచ్చాక చీటీ మీద దుకాణం పేరు, తేదీ ఉన్న ముద్ర దబీమని గుద్దేది. ఆ చప్పుడుకు నేను రోజూ ఉలిక్కిపడేదాన్ని.

ఒకరోజు తెర వేసి ఉండగా ముప్పై ఏళ్ల కార్మికుడు గొంతు పట్టుకుని వచ్చాడు. నలిగిన చీటీ చాపాడు. మేడం రెండింటికి వస్తుందన్నాను. "షిఫ్ట్ హై, జల్దీ దేదో" అని బతిమాలాడు. తర్వాత చీటీలో ఒక మూల వేలుపెట్టి చూపించాడు. "యే దేఖో, బడీ మేడం కా ముహర్." నిజమే, సుగుణ మేడం ముద్రే. ఆమే ఇచ్చిన మందుకు ఇంకేం సాక్ష్యం కావాలి? తెర తీశాను. పెన్సిలిన్ జాతి గోలీలు ఇచ్చాను, చీటీలో ఉన్న పేరూ వయసూ దించి బిల్లు రాశాను, ఆమె ముద్ర పక్కన నేనూ ఒక ముద్ర దబీమని గుద్దాను. ఆ క్షణంలో నా గొప్ప నాకే ముద్దొచ్చింది.

మేడం వచ్చీ రాగానే అడిగింది. "తెర ఎవరు తీసిన్రు?" గర్వంగానే చెప్పాను. ఆమె బిల్లు చూసింది.

"ఇండ్ల వయసు యాభై రెండు రాసినవ్. వచ్చినాయనకు ఎన్నేండ్లు?"

"ముప్పై ఉంటయి మేడం."

"ఆ చీటీకి పోయిన నెలనే మందిచ్చిన. ముద్ర గుద్దేది అయిపోయిందని చెప్పెతందుకు, మల్ల ఇయ్యిమని కాదు. ఇంతకు ముందు ఏ మందన్న పడకుండ అయిందా అని అడిగినవా?"

అడగలేదు. అప్పటికే ఆమె మెట్లు దిగుతోంది.

దుకాణం వెనకే కిరాయి గదులు, ఆ చీటీ మనిషి ఉండేది అక్కడేనని ఆమెకు తెలుసు. ఒక్క గదిలో ఎనిమిది మంది, ఎనిమిది మందికీ ఒకటే చీటీ. ఎవరికి నలతగా ఉంటే వాళ్లు మేకు మీది చీటీ తీసుకుని దుకాణానికి రావడం, మళ్లీ తెచ్చి మేకుకే గుచ్చడం. గోలీ వేసుకుని షిఫ్టుకు బయల్దేరబోయినతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు వాచాయి, మెడంతా దద్దుర్లు, ఊపిరి ఈల వేస్తోంది. చిన్నప్పుడూ ఒకసారి ఇలాగే అయిందని పక్కవాడు అప్పుడు చెప్పాడు.

ఆటోలో పటాన్‌చెరు ఆసుపత్రికి పోయేంతసేపూ ఆమె అతని వీపు నిటారుగా పట్టుకుని మాట్లాడిస్తూనే ఉంది. నా చేతి మీదుగా ఒక ప్రాణం పోతుందేమోనన్న ఆ భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇంజెక్షన్లు పడ్డాక అతని ఊపిరి నెమ్మదించింది. ఎవరిచ్చారీ మందు అని డాక్టరు గద్దించాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె "నేనే సార్. ఆ దుకాణంల ఫార్మసిస్టును నేను" అంది.

బయటికొచ్చి ఏడ్చాను. "తప్పు నాది కదా మేడం."

"చేసింది నువ్వే. గోడ మీద పేరు నాది. పేరు తగిలిచ్చినంక జవాబు గూడ మనమే చెప్పాలె. కాగితం చెప్తదా? ఇగ ఏడ్వకు, ముక్కు తుడుసుకో."

చిన్నాన్న మడిగె గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

మరో రెండు ఆదివారాలకు ఆ గదివాళ్లు దుకాణం ముందు వరుస కట్టారు. ఎనిమిది మందిలో నలత ముగ్గురికే, పాపం. కానీ అందరూ వచ్చారు. ముగ్గురి చేతుల్లో మూడు వేర్వేరు చీటీలు. కోలుకున్నతను అందరికంటే ముందు నిలబడి, "మేడం, అబ్ అలగ్ అలగ్ పర్చీ" అని నవ్వాడు. అతనికి ఏ మందు పడదో ఒక కార్డు మీద ఎర్ర సిరాతో నా చేత రాయించి, అతని జేబులో పెట్టించింది మేడం.

నా రిజిస్ట్రేషన్ వచ్చాక చిన్నాన్న ఆ కాగితానికి ఫ్రేము చేయించుకుని మరీ వచ్చాడు. "కాగితం ఒక్కటే రాదు చిన్నాన్నా, నేను గూడ వస్త" అన్నాను. నెల రోజులు మూతి ముడిచాడు. ఇప్పుడు ఒంటిగంటకు తనే గల్లా దగ్గర నిలబడి "మా బిడ్డ తిని వస్తది, జెర ఆగుండ్రి" అంటున్నాడు.

దుకాణం తెరిచిన రోజు సుగుణ మేడం చీర చింపి సగం ఇచ్చింది. నిరుడు ఆమె పోయింది. ఆమెను తలుచుకోని మధ్యాహ్నం లేదు.

ఇవాళ కూడా చెయ్యి కడుక్కుని వచ్చి తెర తీశాను. ఎదురుగా ఒకామె చీటీ పట్టుకుని నిలబడి ఉంది. చీటీ ఎవరిదో, తేదీ ఏమిటో చూసి, తల ఎత్తి ఆమెనే అడిగాను.

"ఇంతకు ముందు ఏ మందన్న పడకుండ అయిందా అమ్మా?"