ఫొటో కింద రెండు టిక్కులు

పటమటలో మా టైలర్ షకీలా గారి కొట్లో ఈ సాయంత్రం నా పరువు నేనే తీసుకున్నాను. రేపు పెళ్లికి కట్టుకోవాల్సిన మంగళగిరి చీర జాకెట్టు గుడ్డ మడత విప్పకుండా బల్ల మీదే ఉంది. అంచు ఎక్కడ వేయాలో తెలియక ఆపానని ఆవిడ అనగానే చిర్రెత్తి, అందరి ముందూ గొంతు పెంచాను.

“అనుమానముంటే మెసేజ్ పెట్టొచ్చు కదండీ?”

“పొద్దున్నే ఫొటో తీసి పెట్టానండి, అంచు చేతులకా, వీపుకా అని. మీరు చెప్పకుండా కత్తెర పెట్టలేను కదా.”

“నాకేం రాలేదు,” అన్నాను.

ఆవిడ ఫోన్ నా వైపు తిప్పారు. ఫొటో కింద రంగు నిండిన రెండు టిక్కులు, అంటే నేను చదివేసినట్టు. చూసి, తర్వాత చెబుదాంలే అని వదిలేసింది నేనే. మామూలు ఎస్సెమ్మెస్‌లకు ఈ గుర్తులుండవు. ఇప్పుడు ఫోన్‌లోని మెసేజ్‌లు నెట్ మీద కూడా వెళ్తాయనీ, అవతలివాళ్లు చదివిందీ లేనిదీ తెలుస్తుందనీ చెప్పి, పోయిన నెల ఆవిడ ఫోన్‌లో ఆ సెట్టింగ్ ఆన్ చేసిచ్చిందీ నేనే.

అందరూ వింటున్నారని గమనించి, నా పరువు పోకుండా ఆవిడే సర్దేశారు: “నెట్‌వర్క్ ప్రాబ్లమయ్యుంటుందిలెండి. ఇప్పుడు చెప్పండి, చేతులకేనా?”

తలూపి వచ్చేశాను. తప్పు నాదేనన్న ముక్క ఇంటికొచ్చాక మెసేజ్ పెట్టాను. రంగు నిండిన రెండు టిక్కులు పడ్డాయి, ఆవిడ చదివారు. ఈపాటికి మిషన్ మీద నా జాకెట్టే ఉండుంటుంది. మీరైతే అక్కడే, అందరి ముందే ఒప్పుకునేవారా?