పదమూడో అడుగు

మొన్న ఆదివారం మనవరాలిని కరాటేలో చేర్చాలని తమిళనాడులోని మా ధర్మపురి బస్టాండు వెనకనున్న క్లాసుకు తీసుకెళ్ళాను. గోడమీద బోర్డు చూస్తే హోటల్లో టిఫిన్ల పట్టీలా ఉంది: కరాటే, టైక్వాండో, కుంగ్‌ఫూ, కుస్తీ, చివర్న కొసరుగా మన కర్రసాము శిలంబం, అదీ ఆదివారం ఒక గంట. చేరినరోజే పిల్లల చేతికి కర్రలిచ్చి తిప్పమన్నారు. కర్రలు గిరగిరా తిరిగాయి, కాళ్ళు మాత్రం పాతిన గుంజల్లా కదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మన కాలంలో ఆ కర్ర చేతికి రావడానికి ఏడాది పట్టేది కదండీ. ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాక, మా అమ్మ నన్ను పిక్కిలి అనే ఊళ్ళో ఉన్న మేనమామకు అప్పగించింది. ఆయన లెక్కలో ముందు కాళ్ళు, ఆపైన కుత్తువరిసై అనే వట్టిచేతుల పోరు, ఆ తర్వాతే కర్రసాము. రాగుల కళ్ళంలో బూడిదతో గుర్తులు పెట్టి, పాదం వాటిమీదే పడాలనేవాడు. అంగుళం తప్పితే మళ్ళీ మొదటినుంచి. అడుగులు పదహారు. పన్నెండు అందరికీ నేర్పేవాడు. నలుగురు చుట్టుముట్టినప్పుడు బయటపడే చివరి నాలుగూ మాత్రం, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని, ఒక్కొక్కరికే విడిగా చూపించేవాడు.

నా నోరు ఊరుకోదే. “మామా, నేను ఈ పన్నెండూ వేసేలోపల కొట్టేదానికి వచ్చినోడు సంగటి తిని పండుకుంటాడు” అన్నాను. కళ్ళమంతా నవ్వింది, ఆయన తప్ప.

“నవ్వులాట లేకుండా ఒక్కదినం వెయ్‌రా అల్లుడా. ఆ దినమే మిగతావి చూపిస్తాను.”

ఆ ఒక్క దినం నాకు దొరకలేదు. రోజుకో వేషం, ఆయన నడకనే ఆయన ముందు నడిచి చూపించడం. తర్వాత లారీ పనికి పోయి, మూడేళ్ళకు బుద్ధి తెచ్చుకుని తిరిగివస్తే, ఆయన పక్షవాతంతో మంచాన పడి ఉన్నాడు, మాట లేదు. మంచం ముందు పన్నెండూ నవ్వకుండా వేశాను. నా పాదాలనే చూసి, వణికే వేలెత్తి నేలమీద ఎక్కడో చూపించాడు. ఎక్కడో నాకు తెలియలేదు. నేర్చినవాళ్ళను అడిగితే, ఇచ్చిన మాట తప్పలేం అన్నారు. ఇప్పుడు వాళ్ళూ లేరు.

క్లాసునుంచి వచ్చాక మనవరాలు, “తాతా, మీ మామ నేర్పించింది చూపించు” అంది. మిద్దెమీద ముగ్గుపిండితో గుర్తులు పెట్టి పన్నెండూ వేశాను. పదమూడోదానికి కాలెత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక కొంగలా నిలబడిపోయాను. పిల్ల పడీపడీ నవ్వింది. వేళాకోళం కాదమ్మా అన్నా నమ్మలేదు, నా బతుకంతా చూసినవాళ్ళెవరు నమ్ముతారు?

ఇప్పుడు ఏ పోరైనా అడగకముందే చూపించేస్తున్నారు, నవ్వేవాడికీ నవ్వనివాడికీ ఒకటే. నవ్వకుండా అడగడం నాకు చేతనయ్యేసరికి, చెప్పే మనిషి లేడు. ఎత్తిన కాలు ఎత్తినచోటే దించుకున్నాను.