పైన వంతెనా, కింద దారా?

మా ఊరి రైలు గేటు గురించి ఈ రోజు పంచాయతీలో మీటింగు జరిగింది. పట్టాల కింద దారి వేస్తే ఖర్చు తక్కువ, ఏడాదిలో అయిపోతుంది, కానీ వానలకు నీళ్ళు నిలుస్తాయి. పైన వంతెన కడితే ఖర్చు ఎక్కువ, భూసేకరణకే ఏళ్ళు పడుతుంది. ఇంజనీరు ఇదంతా చెప్పి, ఏది కావాలో చేతులెత్తమన్నారు. నేను వంతెనకే ఎత్తాలని వెళ్ళాను. చేసే పని గట్టిగా ఉండాలి కదా.

అప్పుడు పోలమ్మక్క లేచింది. ఆమె రోజూ రేవు నుంచి చేపలు తెచ్చి టౌనులో అమ్ముతుంది. గేటు దగ్గరే ఐసు కరిగి సరుకు మెత్తబడిపోతోంది.

"నాకు కింద దారే చాలు సార్."

"వానొస్తే ఈదుకుంటా పోతావా అక్కా?" అన్నాడు రైతు రమణయ్య.

"వాన దంచేటప్పుడు మా పడవలే వేటకు పోవబ్బయా. చేపల్లేనప్పుడు నాకు దారెందుకు?"

"మరి నా కోతమిషను ఆ సందులో దూరుద్దా?"

"నీ మిషను ఏడాదికొకసారి పోద్ది. నేను రోజూ పోతా."

అందరూ నవ్వారు. నవ్వుతూనే వంతెనకు చేతులెత్తారు. నా చెయ్యి మాత్రం అటూ లేవలేదు, ఇటూ లేవలేదు.

తిరిగి వస్తుంటే గేటు పడింది. పక్కనే పోలమ్మక్క.

"ఏమబ్బయా, చెయ్యెత్తలేదే?"

"ఇంకా లెక్క తేలలేదక్కా."

"తేల్చుకో నాయనా, నిదానంగా. గేటు తీసేదాకా మనకు వేరే పనేముంది?"

గేటు దగ్గర ఆగిన నిమిషాలు రోజూ నా లెక్కల పుస్తకంలో నష్టం కింద రాసుకుంటాను. ఈ రోజు పద్దెనిమిది. వంతెన వచ్చేదాకా ఆమె ఆగే నిమిషాలు ఎవరి పుస్తకంలో రాయాలి? మీరైతే దేనికి చెయ్యెత్తేవారు?