అటక మీద తాత

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది: తెల్ల టూత్‌పేస్టు వాసన తగిలితే నాకు మా తాత గుర్తుకొస్తాడు. తాత ఏనాడూ పేస్టు ముట్టలేదు, కానుగపుల్లతోనే గడిపేశాడు. అయినా పాడేరులో నేనుంటున్న అద్దె గదుల దగ్గర, పొద్దున్నే పక్క గది అమ్మాయిలు కుళాయి చుట్టూ చేరి నురగ ఉమ్ముతూ కబుర్లాడుకుంటుంటే, ఆ చల్లని ఘాటులోంచి ఒక పాట మొదలై సగంలో తెగిపోతుంది. చెబితే నవ్వుతారని చెప్పను. రోజూ రాసుకునే డైరీలో కూడా ఇది రాయలేదు.

నా చిన్నతనమంతా అరకు అవతల కొండమీద, అమ్మమ్మ ఇంట్లో గడిచింది. ఆ ఇంట్లో అన్నిటికీ నడుమ పొయ్యి, పొయ్యి పైన వెదురు తడికతో కట్టిన అటక, అటక నిండా పొగలో ఎండే మొక్కజొన్న పొత్తులు, చోడి విత్తనం మూటలు, సొరబుర్రలో దాచిన చిక్కుడు గింజలు. వానాకాలంలో మబ్బు నేరుగా ఇంట్లోకే వచ్చి కూర్చునేది. కప్పుకునే దుప్పటి కూడా బూజు పట్టే ఆ రోజుల్లో పొగ తగిలిన వస్తువొక్కటే చెడకుండా నిలిచేది. అందుకే పాడవకూడదనుకున్నదల్లా అమ్మమ్మ ఆ అటక మీద పెట్టేది. చలికాలంలో మేం పిల్లలం పొయ్యి చుట్టూ మూగి, కాల్చిన చిలగడదుంపలు ఊదుకుంటూ తింటుంటే, పైనుంచి ఎప్పుడో ఒక మొక్కజొన్న గింజ రాలి నిప్పుల్లో టప్పున విచ్చుకునేది. ఆ ఒక్క పేలం కోసం కొట్టుకునేవాళ్ళం.

తాత మోరి ఊదేవాడు. సన్నాయికి అన్నలాంటిది మోరి. అది పలికితేనే మా కొండల్లో థింసాకు కాళ్ళొస్తాయి. ఆడవాళ్ళు నడుముల వెనక చేతులు పెనవేసుకుని పాములా మలుపు తిరుగుతుంటే తాత బుగ్గలు బూరెల్లా ఉబ్బేవి, అవి ఎప్పుడు పేలతాయా అని మేం ఎదురుచూసేవాళ్ళం. పిన్ని పెళ్ళికి పాడేరు నుంచి వచ్చిన వీడియో అతను తాత పాటంతా తీశాడు. ఆ డిస్కు చూడ్డానికే మావయ్య సంతలో డీవీడీ ప్లేయర్ కొన్నాడు. మొదటిసారి తనను తాను టీవీలో చూసుకున్న తాత, "ఎవుడర్రా ఈ ముసిలోడు, ఊర్లో గాలంతా ఈడే మింగేత్తన్నాడు" అంటే ఇల్లంతా నవ్వు.

ఆ ఏడు వానలు మొదలవుతూనే జ్వరమొచ్చి తాత పోయాడు. గోడ మీద ఫొటో ఒకటుంది గానీ అందులో ఆయన బిర్రబిగుసుకుని ఎవరో ఆఫీసరులా ఉంటాడు. తాత తాతలా ఉన్నది ఆ డిస్కులోనే. చుట్టాలంతా వెళ్ళిపోయాక అమ్మమ్మ ప్లేయర్‌ని, లోపలున్న డిస్కుతో సహా, అటక మీద విత్తనం మూటల పక్కన పెట్టింది. ముసురు పోయేదాకా ఎవరూ ముట్టొద్దంది.

ముసురు పోయి కొత్తల పండగ వచ్చింది. కొత్త సామలు వండిన రోజు, ఇంట్లో పోయినవాళ్ళకు అడ్డాకులో పెట్టందే బతికున్నవాళ్ళం ముద్ద ముట్టకూడదు. కొత్త సామల అన్నం, గుమ్మడి కూర, నాటుకోడి పులుసు వాసన వీధి దాకా పాకింది. అమ్మమ్మ ఆకు చేత్తో పట్టుకుని, ఎప్పుడూ పెట్టే మూలకు కాకుండా టీవీ దగ్గరికి నడిచింది.

"మీ అయ్యని ఎయ్యిరా," అంది మావయ్యతో. "ఊదుతుండగా పెడతాను."

ప్లేయర్ దించారు. తెరంతా నీలమై, మధ్యలో డిస్కు లేదన్న ఇంగ్లీషు అక్షరాలు నిలబడ్డాయి. మావయ్య పసుపు వైరు తీసి ఎర్ర వైరు చోట పెట్టాడు, మళ్ళీ మార్చాడు, ప్లేయర్ నెత్తిన చరిచాడు. "డప్పనుకున్నావేటిరా, దరువేత్తన్నావు?" అంది పక్కింటి పెద్దమ్మ. మావయ్య ఉడుక్కుని, పేస్టు రాస్తే డిస్కుల గీతలు పోతాయని సంతలో ఎవరో చెప్పారంటూ తెల్ల పేస్టు తెచ్చాడు. డిస్కు మీద పూసి గుడ్డతో గుండ్రంగా, బలంగా రుద్దాడు, కడిగాడు, వేశాడు. నీలం. మళ్ళీ రుద్దాడు. మళ్ళీ నీలం. పులుసు వాసన మీద పేస్టు వాసన కమ్మేసింది. చిన్నపిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. అమ్మమ్మ ఆకు పట్టుకుని అలాగే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

నేను నలుగురిలో గొంతు పెగలని పిల్లను. కానీ బెల్లం చుట్టిన కాగితంతో సహా ఇంట్లోకొచ్చిన అక్షరమల్లా చదివేదాన్ని. ప్లేయర్‌తో వచ్చిన చిన్న పుస్తకం కూడా నా బడిసంచిలోనే ఉండేది. అందులో ఇంగ్లీషు అర్థం కాలేదు గానీ బొమ్మలున్నాయి. ఒక బొమ్మలో లోపలి గాజుకన్నును దూదితో తుడుస్తున్నారు. ఇంకో బొమ్మలో మంట, మంట దగ్గర ప్లేయర్, రెండింటి మీదా పెద్ద ఇంటూ గుర్తు. మాట్లాడకుండా తీసుకెళ్ళి అమ్మమ్మ ముందు పట్టుకున్నాను. ఆమెకు చదువు రాదు. ఆ బొమ్మకు చదువు అక్కర్లేదు.

బొమ్మలోని మంటను చూసి, తలెత్తి అటక వైపు చూసింది. "పొగలో ఉంటే పురుగు పట్టదని గదే పెట్టినాను," అంది మెల్లిగా. "మీ తాతకి పురుగు పట్టకూడదనీసి."

మావయ్య కరెంటు తీసి, మరలు విప్పి మూత ఎత్తాడు. లోపలంతా మసి, మొక్కజొన్న పీచు. గాజుకన్ను నల్లపూసలా ఉంది. అమ్మమ్మ ఆకు నాకిచ్చి, బూరుగు దూది కాస్త తీసుకుని, పసిపిల్ల కంట్లో నలక తీసినట్టు తుడిచింది.

తాత వచ్చాడు. బుగ్గలు ఉబ్బాయి, మోరి పలికింది. మరుక్షణమే, పేస్టుతో రుద్దిన గీతలన్నీ ఆయన మొహం మీదికి వచ్చినట్టు, బొమ్మ పలకలు పలకలుగా విడిపోయి ఆగింది. పాట మాత్రం ఇంకొంత దూరం ఒంటరిగా నడిచింది. అమ్మమ్మ నా చేతిలోంచి ఆకు తీసుకుని టీవీ ముందు నేల మీద పెట్టింది.

"ఊదింది సాల్లే. సల్లారిపోతంది, తిను."

పాట తెగింది. అమ్మమ్మ మాకూ వడ్డించింది. చల్లబడ్డ ఆ సామల అన్నం రుచి మళ్ళీ నాకు ఎక్కడా దొరకలేదు. ఆ తర్వాత మావయ్య ఎన్ని ప్లేయర్లలో వేసినా డిస్కు పలకలేదు.

ఇప్పుడా ఇల్లు స్లాబు ఇల్లు. గ్యాసు పొయ్యికి అటక అక్కర్లేదు, విత్తనాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, ప్లేయర్ పాతసామాన్ల వాడి బండెక్కింది. థింసా వీడియోలు ఎవరి ఫోన్లో చూసినా ఉన్నాయి, మా తాత ఒక్కడే వాటిలో లేడు. డిస్కు నా దగ్గరుంది, పుస్తకాల మధ్య. మసకబారిన దాని మొహం మీద గీతలు వెలుతురులో ఇంకా మెరుస్తాయి. ఉద్యోగానికి పాడేరు బయల్దేరిన రోజు అమ్మమ్మ జీపు దాకా వచ్చి, దాన్ని కొంగులోంచి తీసి నా చేతిలో పెట్టింది. ఆ చలికాలంలోనే ఆమె పోయింది. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది. కాబట్టి నాతో ఆమె అన్న చివరి మాటలు జీపు కదులుతుండగా అన్నవే:

"నాలాగ పొగలో పెట్టీకు, గుంటా. కొత్తలకి ఓ ముద్ద పెట్టు. ఆకలేత్తే ఊదనేడు."