పేరు రాయలేదు కదా

పరిశోధనా పద్ధతులు, నైతికత అనే పేపరు మాకు ఎం.ఎడ్.లో ఉండేది. నేను తాండూరులో పొద్దున రైలెక్కి వికారాబాదులో దిగి కాలేజీకి చేరేసరికి, మా గైడు సారు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంచేవారు: ‘సమాచారం ఇచ్చినవారి గోప్యతను కాపాడవలెను.’ ఆయన హైదరాబాదు నుంచి కారులో వచ్చేవారు. గోప్యత గురించి ఆయన చెప్తుంటే ఎవరికైనా నమ్మబుద్ధయ్యేది. నేనూ నమ్మాను. అలా నమ్మినందుకు కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఆడపిల్లలు బడికి ఎందుకు దూరమవుతున్నారన్నది నా అంశం. నవాబుపేట వైపు ఒక ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాను. గొర్లు కాసే ఇంట్లో ఒక తల్లి మొదట నోరు విప్పలేదు. పేరు రాయనని మాటిచ్చాకే చెప్పింది. ఏడో తరగతి చదివే ఆమె బిడ్డ గొర్రెపిల్లలకు పాలు తాగించి, దొడ్డి ఊడ్చి పోయేసరికి ప్రార్థన అయిపోతుందట. బడి పెద్దసారు ఆ పిల్లను ఎండలో నిలబెట్టి, గొర్ల కంపు అని అందరి ముందూ ముక్కు మూసుకుంటాడట.

"మా బిడ్డకు బడి గావాలె మేడం. బడికే మా బిడ్డ బ్యాడ," అంది.

బ్యాడ అంటే కన్నడంలో వద్దు. మా తాండూరు బజార్లో ఈ మాట పొద్దంతా వినబడుతుంది, ఎవరూ తలెత్తి చూడరు. ఆ ఊళ్లో మాత్రం ఆ మాట అనేది సరిహద్దు అవతల నుంచి కోడలిగా వచ్చిన ఆమె ఒక్కతే. పిల్లలు కూడా ఆమెను ఆ మాటతోనే వెక్కిరిస్తారు.

గైడు సారుకు ఆ వాక్యం తెగ నచ్చింది. "నీ థీసిస్‌కు ఇదేనమ్మా ప్రాణం," అన్నారు. ఇలాగే పెడితే ఆమె ఎవరో ఊరికి తెలిసిపోతుంది, ‘వద్దు’ అని మారుద్దామన్నాను. సారు కళ్లద్దాలు తీసి నా వంక జాలిగా చూశారు.

"చెప్పిన మాటను మార్చడం నైతిక ఉల్లంఘన. పేరు రాయలేదు కదా, ఇంకేం భయం?"

మళ్లీ అడిగాను, బతిమాలాను. మారిస్తే సంతకం పెట్టనన్నారు. ఆయన లెక్కలో పేరంటే ఆధార్ కార్డులో ఉండేదే. పల్లెలో మనిషిని నడకతో, దగ్గుతో, పిలుపుతో గుర్తుపడతారన్న సంగతి ఏ సిలబస్‌లోనూ లేదు. శ్రీరంగనీతులు మాత్రం బోలెడున్నాయి.

వైవాలో అందరూ మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు వికారాబాదులో టీచర్లకు శిక్షణ పెట్టారు. దానికి పోయిన నా క్లాస్‌మేట్ మురిపెంగా ఫోన్ చేసింది. "నీ థీసిస్ గురించి సార్ మస్తు చెప్పిండే! గా బ్యాడ ముచ్చటను తెర మీద ఏసి సాగదీసి చదివిండు. గా ఊరి పెద్దసారు గూడ చప్పట్లు కొట్టిండు."

వెంటనే సారుకు ఫోన్ చేసి, పెద్దసారు ఆమెను గుర్తుపట్టే ఉంటాడన్నాను. "ఆయన గుర్తుపట్టాడంటే నీ డేటా ఎంత సహజంగా ఉందో చూడు," అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆదివారం ఆ ఊరికి పోయాను. ఆమె వాకిట్లో గొంగడి దులుపుతోంది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. మంచినీళ్లిచ్చి కూర్చోమంది. పెద్దసారు ఇంటి ముందుకొచ్చి, బడి మీద చాడీలు చెప్తావా అని నలుగురిలో అరిచిపోయాడట. బిడ్డ ఆ సిగ్గుతో మళ్లీ బడి గడప తొక్కలేదు, గొర్ల వెంట పోతోంది. పైఅధికారులకు ఫిర్యాదు చేద్దాం, నేనూ వస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ సదువు అయిపోయిందా మేడం?"

"అయిపోయిందక్కా."

"మా బిడ్డది గూడ అయిపోయింది," అంది.