సీటీ మీద ఆడిన కోలాటం

ఇరవై నాలుగు మంది మగవాళ్ళు, నలభై ఎనిమిది కోలలు, ఈల వేసే సీటీ ఒక్కటి. ఇంత మాత్రం సరంజామాతో పటాన్‌చెరులో ఒక ఆదివారం పట్టపగలు నేను చేసిన నిర్వాకం గురించి చెప్పబోతున్నాను. ముందే హెచ్చరిస్తున్నాను. ఇందులో నా ముక్కు పగులుతుంది, ఒక పెద్దాయన నలభై ఏళ్ళ విద్య మంటగలుస్తుంది, పిల్లనిస్తాడనుకున్న మామ ఎదుట నేను దిష్టిబొమ్మలా నిలబడతాను. గుండె దిటవు లేనివారు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావారు కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

అవి డెబ్బైల నాటి మాటలు. పటాన్‌చెరు చుట్టూ జొన్నచేలల్లో ఒక్కొక్క షెడ్డే లేస్తున్న రోజులు. మాది పోతిరెడ్డిపల్లి. వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, మా నాయన ఎంత తిట్టినా వినకుండా, రేకు డబ్బాలకు మూతలు చేసే ఫ్యాక్టరీలో చేరాను. ప్రెస్ షాపులో పని. ఏడాదిన్నర గడిచినా ఇంకా టెంపరరీనే. ఆ ఒక్క మాటే నా పెళ్ళికి అడ్డం పడింది. కాజీపల్లిలో ఉండే మా మేనమామ కిష్టయ్య కూతురు అనసూయను నాకే ఇవ్వాలని చిన్నప్పుడే అనుకున్నారు. తీరా అడగబోతే మామ మీసం దువ్వుకుంటూ తేల్చేశాడు.

"టెంపరరీ అంటె ఏందిరా నర్సింలు? ఇయ్యాల రమ్మంటరు, రేపు పొమ్మంటరు. పర్మనెంటు గా, పిల్లను తీస్కపో. గప్పటిదాంక నా గడపల ఆ ముచ్చట తియ్యకు."

"అయితది మామా. ఫోర్‌మన్ సారు మాటిచ్చిండు."

"సార్లు మాటలే ఇస్తర్రా. కాయితం తే, మాట్లాడుదం."

ఫోర్‌మన్ శర్మగారు మాటిచ్చిన సంగతి మాత్రం నిజమే. ఆయన ఉత్తరాది మనిషి. తెలుగు నేర్చుకున్నాడు గాని, కోపం వస్తే తన భాషలోకి వెళ్ళిపోయేవాడు. మెడలో ఎప్పుడూ ఒక ఇత్తడి సీటీ వేలాడుతుండేది. ప్రెస్ షాపులో ఆ సీటీ మోగిందంటే ఆ దేవుడే దిగివచ్చినా పని సాగదు. కాలు పెడల్ మీది నుంచి తీసెయ్యాలి, రెండు చేతులూ పైకెత్తాలి. ఆయన ఒక్కొక్క చెయ్యీ లెక్కపెట్టుకుని "చలో" అనేదాకా ఎవడూ కదలకూడదు. ఎప్పుడో ఎవరిదో వేలు మెషిన్‌లో పడిందట, అప్పటి నుంచీ ఈ కట్టడి. రోజుకు నాలుగైదు సార్లు మోగేది. చివరికి మా పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, సంగారెడ్డి బస్టాండులో కండక్టర్ సీటీ వేసినా మా భుజాలు ఎగిరిపడేవి.

ఆ ఏడు ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి హైదరాబాదు నుంచి సేట్‌గారు వస్తున్నారని తెలిసింది. శర్మగారు నన్ను పిలిచాడు.

"నర్సింలూ, సేట్ సాబ్‌కు ఇక్కడి ఊరి ఆట చూడాలని ఉన్నది. కోలాటం. నలుగురికి పర్మనెంట్ కాగితాలు తయార్ అయినయి. నీది కూడ ఉన్నది. ఆట మంచిగ చెయ్యి, అదే రోజు సేట్ సాబ్ చేత్తోని ఇప్పిస్త. కోలాటం వస్తదా నీకు?"

"వస్తదా ఏంది సార్! మా ఊళ్ళె నేను లేంది కోలాటమే లేదు."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. మా ఊళ్ళో కోలాటం జరిగినప్పుడల్లా పెట్రోమాక్సు లైటు పట్టుకుని నిలబడేది నేనే. శర్మగారు లైటు సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. ఆ విధంగా నేను కోలాటం దళానికి నాయకుణ్ణయ్యాను.

నేర్పడానికి గడ్డపోతారం అవతలి పల్లె నుంచి ఈరయ్య పంతులును పిలిపించారు. తెల్లటి పంచె, నడుముకు ఎర్ర తువ్వాలు, చేతిలో చిన్న తాళాల జత. ఎనిమిది రోజులు, సాయంత్రం డ్యూటీ దిగగానే, ఖాళీ గోదాములో శిక్షణ. ప్రెస్ షాపు నుంచి పన్నెండు మందిమి, ప్యాకింగ్ నుంచి పన్నెండు మంది. రెండు వరసలుగా ఎదురెదురు నిలబడాలి. ప్రెస్ షాపు వాడికి ప్యాకింగ్ వాడు జోడీ. నా జోడీ యాదగిరి. ఒక్కడే రెండు పెట్టెలు భుజానేసుకుని నడిచే మనిషి. వాడి చేతిలో కోల చూస్తేనే నేను ఒక అడుగు వెనక్కి వేసేవాణ్ణి.

"మీ ఊర్లల్ల ఆడే పాత కోపులు గావు ఇవి," అన్నాడు పంతులు మొదటి రోజే. కోపు అంటే అడుగుల వరస. "ఐదు కోపులు నేర్పుత. ఒక్కొక్క కోపు అయిపోంగనె నేను తాళం మూడుసార్లు కొడ్త. కొట్టంగనె తర్వాతి కోపులకు పోవాలె. ఆగొద్దు. కోలాటంల ఆగినోడు దెబ్బ తింటడు."

ఈ చివరి మాటను నేను గోడ మీద రాసి పెట్టుకోవలసింది.

మొదటి మూడు రోజులూ మేము ఆడినదాన్ని కోలాటం అంటే కోలాటానికి కోపం వస్తుంది. పంతులు కుడికాలు అంటే సగంమంది ఎడమకాలు ఎత్తేవారు, మిగతా సగం ఏ కాలు ఎత్తాలో పక్కవాణ్ణి అడిగేవారు. నేను నాయకుణ్ణి కాబట్టి రెండు కాళ్ళూ ఎత్తి ఒకసారి కిందపడ్డాను. నాలుగో రోజు పంతులు తాళాలు తువ్వాల్లో చుట్టుకుని లేచాడు.

"ఇగ నా తోటి కాదు బిడ్డా. ఎడ్లకన్న నేర్పొచ్చు గని మీకు నేర్పుడు నాతోటి కాదు."

పంతులు పోతే ఆట పోతుంది, ఆట పోతే కాగితం పోతుంది, కాగితం పోతే అనసూయ పోతుంది. ఆ కంగారులో నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది.

"పంతులూ, జెర ఆగు. ఒరేయ్, అందరు ఇటు వినున్రి. అడుగులని అనుకోకున్రి. ప్రెస్సు ముంగట నిలవడ్డట్టు అనుకోన్రి. రేకు పెట్టు, పెడలు తొక్కు, మూత తియ్యి, పక్కకు జరుగు!"

మీరు నమ్మరు గాని, మంత్రం వేసినట్టయింది. రోజుకు కొన్ని వేలసార్లు చేసే పని కదా, ఒళ్ళు దానంతటదే కదిలింది. రేకు పెట్టు అంటే కోల ముందుకు, తొక్కు అంటే కుడికాలు, తియ్యి అంటే కోల వెనక్కి, జరుగు అంటే పక్క జోడీ దగ్గరికి. పన్నెండు మందిమి ఒక్కసారి తొక్కితే గోదాము నేల దద్దరిల్లింది. ప్యాకింగ్ వాళ్ళు మమ్మల్ని చూసి అందుకున్నారు. ఎనిమిదో రోజుకు ఐదు కోపులూ వచ్చేశాయి. పంతులు నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నీకు తెలివున్నది బిడ్డా."

అదిగో, అక్కడే నేను చెడిపోయాను. తెలివున్నదని ఎవరూ అననంతకాలం మనిషి క్షేమంగా ఉంటాడు. ఆ మాట విన్న మర్నాటి నుంచి నేను క్యాంటీన్‌లో వంట మనిషికి కూడా ఉప్పు ఎప్పుడు వెయ్యాలో ఉపాయాలు చెప్పడం మొదలుపెట్టాను.

వార్షికోత్సవం రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలు. ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా, ముందు వరసలో సేట్‌గారు, పక్కన శర్మగారు. నాలుగో వరసలో కిష్టయ్య మామ తలపాగాతో, పక్కన అనసూయ. కాగితం ఇచ్చేటప్పుడు కళ్ళారా చూడమని నేనే పిలిచాను. చూడండి, ఎంత ముందుచూపు!

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఒకవైపు డప్పులు, ఇంకొకవైపు మైకు, వీటి మీద జనం గోల. పంతులు తాళాలు కొట్టి చూశాడు. పక్కన నిలబడ్డ నాకే వినబడలేదు.

"ఎట్లరా ఇప్పుడు?" అన్నాడు యాదగిరి. "కోపు మారేది ఎట్ల తెలుస్తది?"

అందరూ నా వైపు చూశారు. తెలివున్నవాణ్ణి కదా.

"గింత దానికి పరేషాన్ ఎందుకురా? తాళం బదులు సీటీ కొడ్తె సరి. సీటీ అయితె ఇస్నాపూర్ దాంక వినవడ్తది."

పంతులు నొచ్చుకున్నాడు. "నలభై ఏండ్ల సంది తాళం మీద ఆడిపిస్తున్న. సీటీ ఏంది బిడ్డా? నేనేమన్న బస్సు నడుపుతున్ననా?"

"ఈ ఒక్కనాటికి పంతులూ. నా మాట విను."

నేనే పరుగెత్తుకెళ్ళి శర్మగారి ముందు వంగి నిలబడ్డాను. "సార్, సీటీ జెర ఇయ్యున్రి. ఆటకు కావాలె." సేట్‌గారికి చాయ్ అందించే హడావుడిలో ఉన్న శర్మగారు మెడలోంచి తీసి ఇచ్చేశాడు. ఏడాదిన్నరగా రోజుకు నాలుగైదు సార్లు ఏ సీటీకి చేతులెత్తుతున్నానో, సరిగ్గా ఆ సీటీనే తీసుకెళ్ళి నా చేతులతో పంతులు చేతిలో పెట్టాను. ఒక్క క్షణం ఆలోచించానా? లేదు. మిగతా పదకొండు మందిలో ఒక్కడైనా ఆలోచించాడా? నేనున్నాను కదా ఆలోచించడానికి!

ఆట మొదలైంది. మొదటి కోపు ఎంత బాగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. రేకు పెట్టు, తొక్కు, తియ్యి, జరుగు. కోలలన్నీ ఒక్క చప్పుడు చేస్తున్నాయి. సేట్‌గారు తల ఊపుతున్నాడు. అనసూయ నవ్వుతోంది. నేను మనసులో శుభలేఖలు పంచేస్తున్నాను. పంతులు సీటీ నోట్లో పెట్టుకుని బలమంతా పెట్టి ఊదాడు.

ప్రెస్ షాపు పన్నెండు మందిమి, కాళ్ళు బిగించి, కోలలతో సహా రెండు చేతులూ పైకెత్తి, కొయ్యబారిపోయాము.

ప్యాకింగ్ వాళ్ళకు ఈ సంగతి ఏం తెలుసు? వాళ్ళు చెప్పినట్టు రెండో కోపులోకి వెళ్ళారు. రెండో కోపులో గిరుక్కున తిరిగి ఎదుటివాడి కోలను కొట్టాలి. ఎదుటివాడి కోల ఆకాశంలో ఉంది, కోల ఉండవలసిన చోట ముఖం ఉంది. యాదగిరి కోల నా ముక్కు మీద దిగింది. వెనక పదకొండు చోట్ల ఇదే కథ. ఒకడికి చెవి, ఒకడికి మోచెయ్యి. జరగవలసినవాడు జరగకపోయేసరికి జరిగినవాడు గుద్దుకుని ఇద్దరూ పడ్డారు. పంతులు పాపం మాకు వినబడలేదనుకుని ఇంకా గట్టిగా ఊదాడు. ఆయన ఊదేకొద్దీ మా చేతులు ఇంకా పైకి లేచాయి.

"ఆడున్రిరా! ఎందుకాగిన్రు?" అని అరుస్తున్నాడు పంతులు.

"సీటీ పడ్డది పంతులూ!" అంటున్నారు మావాళ్ళు.

"అందుకే ఆడమంటున్న!"

ఇంతలో ముందు వరసలోంచి శర్మగారు లేచాడు. మమ్మల్ని ఆడమని చెబుతాడనుకున్నాను. ఆయనకూ అలవాటే కదా! చూపుడువేలు ముందుకు చాపి చేతులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇక్కీస్, బాయీస్, తేయీస్... ఏక్ హాత్ కమ్ హై! ఎవనిది ఒక చెయ్యి తక్కువ?"

నాదే. కుడిచేత్తో ముక్కు పట్టుకున్నాను.

"నర్సింలూ! హాత్ ఊపర్!"

"సార్, ముక్కు..."

"ముక్కు తర్వాత! ముందుగాల చెయ్యి!"

ఎత్తాను. నెత్తురు మీసం మీదుగా కొత్త చొక్కా మీదికి కారుతోంది. శర్మగారు "చౌబీస్" అని ఇరవై నాలుగో చెయ్యి లెక్కపెట్టి తృప్తిగా తలాడించి, "చలో!" అన్నాడు. అనగానే మేము పన్నెండు మందిమి ఆగిన చోటి నుంచే, అదే మొదటి కోపు, రేకు పెట్టు, తొక్కు అంటూ మొదలుపెట్టాము. అప్పుడే లేచి నిలబడుతున్న ప్యాకింగ్ వాళ్ళు మళ్ళీ పడ్డారు. పంతులు సీటీ నేలకేసి కొట్టి, తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుండిపోయాడు. షామియానా మొత్తం పడీపడీ నవ్వింది. నాకు మాత్రం భూమి చీలి లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. ఎనిమిది రోజులు మా కోసం గొంతు చించుకున్న పెద్దాయన ముఖం చూడలేకపోయాను. ఈ రోజుకూ ఆ ఒక్క సంగతికి నాకు నవ్వు రాదు.

సేట్‌గారు కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. ఇదంతా కావాలని చేసిన హాస్యమనుకున్నాడు. ఆట మధ్యలో ఉన్నా సీటీకి ఆగిపోయే పనివాళ్ళను తానెక్కడా చూడలేదని మైకులో చెప్పి, శర్మగారికి శాలువా కప్పాడు. పంతులుకు కూడా ఒకటి కప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "దండం సామీ, నాకద్దు," అన్నాడు. తర్వాత కాగితాలు పంచారు. ఒకటి, రెండు, మూడు. నాలుగో పేరు పిలవలేదు. నేను శర్మగారి దగ్గరికి పరుగెత్తాను.

"సార్, నా కాయితం?"

"ఆరు నెలలు ఆగాలె నర్సింలూ."

"ఆట ఖరాబైనందుకా సార్?"

"ఆట సంగతి నాకేం ఎరుక? సీటీ పడ్డంక ఒక చెయ్యి కింద ఉంచినవ్. పదకొండు మంది ఎత్తిన్రు, నువ్వొక్కనివే ఎత్తలె. ఇగ ప్రెస్సు మీద నిన్ను ఎట్ల నమ్మాలె?"

దెబ్బకు తల తిరిగి అక్కడే నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తలెత్తి చూస్తే ఎదురుగా మామ, ఆయన వెనక అనసూయ. ఆమె పెదవులు బిగబట్టుకుని అంది:

"బావా, ఇగ చేతులు దించు. మీ సారు పోయిండు."

అప్పుడు చూసుకున్నాను. సారు మాట్లాడుతుండగా ఎప్పుడు ఎత్తానో, రెండు చేతులూ పైనే ఉన్నాయి.

"మామా, కాయితం రాలె," అన్నాను.

మామ నా ముక్కు చూశాడు, చొక్కా చూశాడు, మీసం దువ్వుకున్నాడు. "రాకుంటె రాకపాయె. ఎప్పటికన్న వస్తది. పిల్లనిస్త తీయ్."

"నిజంగనా మామా?"

"నిజంగనే. మీ అత్త ఆగుమంటె ముప్పై ఏండ్ల సంది నేను ఒక్కనాడన్న ఆగలె. రోజు లొల్లే. నువ్వు ముక్కు పలిగినా ఆగుతున్నవ్. నా బిడ్డ సుఖపడ్తది."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో సీటీ కొనవలసిన అవసరం రాలేదు. అనసూయ కొంచెం దగ్గితే చాలు.

కనుక పాఠకులారా, మీరందరూ సాక్షులుగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో ఇక అడగనివారికి ఉపాయం చెప్పను, పెద్దవాళ్ళ తాళంలో వేలు పెట్టను, కోల పట్టను. రెండు చేతులూ పైకెత్తే చెబుతున్నాను. కావాలంటే లెక్కపెట్టుకోండి, ఈసారి ఒక్కటి కూడా తక్కువ లేదు.